కుకీలు తుడిస్తే పజిల్ స్ట్రీక్ ఎందుకు పోతుంది? స్కోరు అసలు ఎక్కడ ఉంటుంది?

నిలువు_అడ్డం
రోజుకో పదం కనిపెట్టే ఆట, బ్రౌజర్‌లోనే ఆడేది, లాగిన్ లేదు. ఫోన్‌లో 143 రోజుల స్ట్రీక్ (తెగకుండా ఆడుతూ వచ్చిన రోజుల వరస) ఉంది. ఫోన్ నెమ్మదించిందని నిన్న క్రోమ్‌లో బ్రౌజింగ్ డేటా తుడిచాను. హిస్టరీ, కుకీలు, క్యాష్ (పేజీలు త్వరగా తెరుచుకోవడానికి బ్రౌజర్ దాచుకునే ఫైళ్ళు) మూడింటికీ టిక్ పెట్టి ఉంది, అలాగే నొక్కేశాను. ఇవాళ తెరిస్తే కొత్తగా వచ్చినవాళ్ళకు చూపించే "ఎలా ఆడాలి" పేజీ వచ్చింది. ఆడినవి 0, స్ట్రీక్ 0. వాళ్ళ సహాయం పేజీలో "మేము కుకీలు వాడతాం" అని ఒక్క వాక్యం ఉంది, అంతే. స్కోరు కుకీలోనే ఉంటుందా? పోయింది తిరిగి వస్తుందా? ల్యాప్‌టాప్‌లో అదే ఆట 11 రోజుల స్ట్రీక్ చూపిస్తోంది, ఫోన్‌లోది అక్కడికి ఎందుకు రాలేదు?

తాళంచెవి
మూడింటికీ మూలం ఒక్కటే కాబట్టి కలిపే చెబుతా.

కుకీ అంటే చిన్న చీటీ. సర్వర్ రాసిస్తుంది, బ్రౌజర్ దాచుకుంటుంది, ఆ సైటుకు వెళ్ళిన ప్రతిసారీ తీసి చూపిస్తుంది. వెబ్ సర్వర్‌కు జ్ఞాపకం ఉండదు, ప్రతిసారీ మీరు కొత్తవాళ్ళే. ఆ లోటు తీర్చడానికే 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో లూ మాంటుల్లీ దీన్ని తయారు చేశాడు. ఒక్కో చీటీలో పట్టేది సుమారు 4,096 బైట్లు.

రోజువారీ పజిళ్ళు మాత్రం స్కోరును ఎక్కువగా కుకీలో పెట్టవు. బ్రౌజర్‌లో లోకల్ స్టోరేజ్ అని ఇంకో అర ఉంది. ఒక్కో సైటుకు 5 ఎంబీ దాకా పడుతుంది, గడువు తేదీ ఉండదు, అందులో రాసింది సర్వర్‌కు దానంతటది వెళ్ళదు. మీ 143 ఉన్నది అక్కడ. ఆట నడిపేవాళ్ళ దగ్గర దాని నకలు లేదు, అందుకే వాళ్ళను అడిగినా ఇవ్వలేరు. ల్యాప్‌టాప్‌లో ఉన్నది వేరే బ్రౌజర్, వేరే అర. క్రోమ్‌లో సింక్ పెట్టుకున్నా బుక్‌మార్కులూ పాస్‌వర్డులూ వెళ్తాయి గానీ కుకీలు, లోకల్ స్టోరేజ్ వెళ్ళవు.

మెరపకాయ్
మరి కుకీలకు టిక్ పెడితే లోకల్ స్టోరేజ్ ఎందుకు పోవాలి? నాకు అర్థం కానిది ఇదే.

తాళంచెవి
ఆ టిక్ పక్కన పూర్తిగా చదవండి. "కుకీలు, ఇతర సైట్ డేటా" అని ఉంటుంది. ఆ "ఇతర"లోనే లోకల్ స్టోరేజ్, ఇండెక్స్‌డ్ డీబీ, సర్వీస్ వర్కర్ లాంటివి, అంటే సైటు మీ బ్రౌజర్‌లో పెట్టుకునేవన్నీ వస్తాయి. సైటు మిమ్మల్ని గుర్తుపట్టే దారులన్నీ ఒకే దెబ్బకు మూసెయ్యాలని అలా కలిపారు. గోప్యత పరంగా అది సబబే, చిక్కంతా పేరుతోనే. ఫోన్ నెమ్మదిస్తే "క్యాష్ చేసిన చిత్రాలు, ఫైళ్ళు" ఒక్కదానికే టిక్ ఉంచండి. స్కోరు జోలికి పోదు.

కొబ్బరాకు
బిస్కెట్ తీసేయమంటే డబ్బా కూడా పారేసినట్టుంది.

బెజవాడ_కోడర్
నిలువు_అడ్డం గారూ, అంకెలు గుర్తున్నాయి కదా. మీరే తిరిగి రాసుకోవచ్చు.

ముందు ఒక ఆట పూర్తి చేయండి, ఆ అర మళ్ళీ పుడుతుంది. ల్యాప్‌టాప్ క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, పైన "అప్లికేషన్" ట్యాబ్, ఎడమ పక్క "లోకల్ స్టోరేజ్", దాని కింద ఆట చిరునామా. కుడివైపు పేరు, విలువ అని రెండు నిలువు వరసలు కనిపిస్తాయి. గణాంకాలు ఒక జేసన్ వాక్యంగా (పేర్లు, విలువలు కామాలతో, కొటేషన్లతో వరసగా రాసే పద్ధతి) ఉంటాయి: ఇప్పటి స్ట్రీక్, గరిష్ఠ స్ట్రీక్, ఎన్నో ప్రయత్నంలో గెలిచారో 1 నుంచి 6 దాకా లెక్క, ఓడినవి, ఆడినవి, గెలిచినవి. విలువ మీద రెండుసార్లు నొక్కి అంకెలు మాత్రమే మార్చండి. ఒక్క కామా గానీ కొటేషన్ గుర్తు గానీ చెరిగితే ఆట ఆ వాక్యాన్ని చదవలేక మళ్ళీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. ముట్టుకునే ముందు పాత విలువను నోట్‌ప్యాడ్‌లో అతికించుకోండి.

ఫోన్‌లోది మార్చాలంటే ఫోన్ డెవలపర్ సెట్టింగుల్లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలించి, కంప్యూటర్ క్రోమ్‌లోని ఇన్‌స్పెక్ట్ పేజీ నుంచి ఫోన్ ట్యాబ్ తెరవాలి. ఫైర్‌ఫాక్స్‌లో ఈ ట్యాబ్ పేరు "స్టోరేజ్".

మెరపకాయ్
ఇది దొంగ లెక్క కాదా అన్నా? 143ని 999 కూడా చేసుకోవచ్చుగా.

బెజవాడ_కోడర్
చేసుకోవచ్చు, ఆపేవాడు లేడు. లాగిన్ లేని ఆటలో స్ట్రీక్ మనకూ మన బ్రౌజర్‌కూ మధ్య లెక్క. ఉన్న 143ని తిరిగి రాసుకోవడంలో నాకు తప్పు కనిపించదు. లాగిన్ ఉన్న ఆటలో ఈ పని కుదరదు, తెరవగానే సర్వర్ నుంచి అసలు లెక్క వచ్చి మీరు రాసినదాని మీద పడుతుంది.

గడుల_గోదారి
తాళంచెవి గారి మాటకు చిన్న సవరణ. "గడువు తేదీ ఉండదు" అన్నది సఫారీలో నిజం కాదు. 2020 మార్చిలో వచ్చిన ఐఓఎస్ 13.4 నుంచి, సఫారీ వాడిన 7 రోజుల్లో ఒక సైటును మీరు ఒక్కసారీ ముట్టుకోకపోతే ఆ సైటు జావాస్క్రిప్ట్‌తో (పేజీ లోపల బ్రౌజర్‌లోనే నడిచే కోడు) రాసుకున్నదంతా తుడిచేస్తుంది, లోకల్ స్టోరేజ్‌తో సహా. లెక్కకు వచ్చేవి సఫారీ వాడిన రోజులే. ఫోన్ వారం స్విచాఫ్ చేసి పెడితే ఏమీ కాదు.

అసలు ఇబ్బంది వారానికోసారి వచ్చే గడినుడితో. జావాస్క్రిప్ట్ పెట్టిన కుకీకి సఫారీ ఇచ్చే గరిష్ఠ ఆయుష్షు 7 రోజులు, మీరు ఏడాది అని రాసినా అంతే. ఆదివారం పొద్దున 10కి పెట్టిన కుకీ వచ్చే ఆదివారం 10కి చస్తుంది. మీరు 11కి తెరిస్తే సగం నింపిన గడులు ఉండవు. 9కి తెరిస్తే ఉంటాయి. "ఒకసారి ఉంటుంది, ఒకసారి ఉండదు" అని వచ్చే ఫిర్యాదులకు ఇదొక కారణం. రోజూ ఆడేవాళ్ళకు ప్రతిరోజూ గడువు కొత్తగా మొదలవుతుంది కాబట్టి తెలియదు.

తాళంచెవి
సవరణ ఒప్పుకుంటున్నా. అదే కుకీని సర్వర్ పంపితే ఆ 7 రోజుల కోత మామూలుగా వర్తించదు. క్రోమ్‌లో ఎవరు పెట్టినా 400 రోజులే గరిష్ఠం, 2022లో 104వ వెర్షన్ నుంచి. ఐఫోన్‌లో "హోమ్ స్క్రీన్‌కు జోడించు" చేసి ఆడితే ఆ తుడుపు నుంచి తప్పించుకోవచ్చు. కానీ హోమ్ స్క్రీన్ ఐకాన్‌కు సఫారీతో సంబంధం లేని సొంత అర ఉంటుంది, అక్కడ స్ట్రీక్ సున్నాతో మొదలవుతుంది. జోడించేదేదో మొదటి రోజే జోడించుకోవాలి.

లోగిలి
వాట్సాప్‌లో లింక్ నొక్కితే మామూలుగా ఫోన్ బ్రౌజర్ తెరుచుకుంటుంది, స్కోరు ఉంటుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో నొక్కితే ఆ యాప్ లోపలే తెరుచుకుంటుంది, అక్కడ స్ట్రీక్ 0. పోలేదు, వేరే గదిలో ఉన్నారంతే. మూడు చుక్కలు నొక్కి "బ్రౌజర్‌లో తెరువు" అంటే చాలు.

కొబ్బరాకు
ఇన్‌కాగ్నిటోలో ఆడితే?

లోగిలి
కిటికీ తెరిచి ఉన్నంతసేపు బాగానే దాచుకుంటుంది. ఇన్‌కాగ్నిటో కిటికీలన్నీ మూసిన క్షణం అంతా పోతుంది. పదం ముందే చూసి తర్వాత మామూలు కిటికీలో ఒక్క ప్రయత్నంలో కొట్టేవాళ్ళు వాడేది ఈ దారే.

గడుల_గోదారి
చిరునామా మారితే ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. లోకల్ స్టోరేజ్‌కు సైటు అంటే మూడు ముక్కల కలయిక: హెచ్‌టీటీపీనా హెచ్‌టీటీపీఎస్‌నా, డొమైన్ పేరు, పోర్టు. ముందు మూడు డబ్ల్యూలు ఉన్న చిరునామా, లేని చిరునామా కూడా దానికి రెండు వేరు సైట్లు. కుకీ ఇక్కడ కాస్త ఉదారం, డొమైన్ అని రాసి ఇస్తే సబ్‌డొమైన్లన్నిటికీ ఒకటే చీటీ పనిచేస్తుంది.

దీనికి అందరూ చూసిన ఉదాహరణ వర్డిల్, రోజుకో ఇంగ్లీషు పదం కనిపెట్టే ఆట. జోష్ వార్డిల్ తన సొంత సైటులో 2021 అక్టోబరులో అందరికీ తెరిచాడు. ఆట మొత్తం బ్రౌజర్‌లోనే నడిచేది. జవాబుల పట్టిక కూడా జావాస్క్రిప్ట్ ఫైలులోనే ఉండేది. 2021 జూన్ 19 నుంచి ఎన్ని రోజులు గడిచాయో లెక్కేసి అన్నో పదం తీసేది. స్కోరు లోకల్ స్టోరేజ్‌లో. 2022 జనవరి చివర్లో న్యూయార్క్ టైమ్స్ కొన్నది, ఫిబ్రవరిలో చిరునామా మారింది. కొత్త చిరునామా పాత అరలోకి చెయ్యి పెట్టలేదు, బ్రౌజర్ ఒప్పుకోదు. అందుకే పాత చిరునామాకు వెళ్ళినవాళ్ళను గణాంకాలతో సహా కొత్తదానికి మళ్ళించాల్సి వచ్చింది. డొమైన్ మార్చే ఏ ఆటకైనా ఇది తప్పదు. పాత పేజీని కొన్ని నెలలు బతికించి, అక్కడ చదివించి, కొత్తచోటుకు మోయించాలి. పాతదాన్ని వెంటనే మూసేస్తే స్కోరు ఫోన్‌లోనే ఉన్నా చదివే తాళం ఉండదు.

మెరపకాయ్
అప్పుడే ఒకే రోజు రెండు జవాబులు వచ్చాయి కదా, అదీ కుకీల వల్లేనా?

గడుల_గోదారి
కాదు, అది పాత పేజీ వల్ల. 2022 ఫిబ్రవరి 15న కొందరికి అగోరా, కొందరికి అరోమా వచ్చింది. కొత్త యజమాని పట్టిక నుంచి అగోరాను తీసేశారు. పేజీని రిఫ్రెష్ చేయకుండా పాత ట్యాబ్‌లోనే ఆడుతున్నవాళ్ళ దగ్గర పాత పట్టికే ఉండిపోయింది. దానికి మందు రిఫ్రెష్, కుకీలు తుడవడం కాదు. ఈ రెండూ కలిపేసుకుని అనవసరంగా స్ట్రీక్ పోగొట్టుకుంటారు.

నిలువు_అడ్డం
ల్యాప్‌టాప్‌లో ఎఫ్12 నొక్కి చూశా, స్కోరు అక్కడే ఉంది. అయితే "కుకీలు" కింద కూడా ఓ పది ఉన్నాయి. స్కోరు అక్కడ లేనప్పుడు అవెందుకు మరి?

తాళంచెవి
లాగిన్ ఉన్న ఆటైతే ఒకటి సెషన్ కుకీ, అంటే మీ ఖాతా గుర్తు. అన్నిటికంటే విలువైనది అదే. సరిగ్గా కట్టిన సైటులో దానికి హెచ్‌టీటీపీ ఓన్లీ, సెక్యూర్, సేమ్‌సైట్ అని మూడు గుర్తులుంటాయి. మొదటిది ఉంటే పేజీలోని జావాస్క్రిప్ట్ దాన్ని చదవలేదు. రెండోది ఉంటే హెచ్‌టీటీపీఎస్ మీదే వెళ్తుంది. మూడోది వేరే సైటు నుంచి దొంగదారిన వచ్చే అభ్యర్థనలతో వెళ్ళకుండా ఆపుతుంది. "కుకీలకు ఒప్పుకున్నారా" అన్న ప్రశ్నకు మీ జవాబు దాచేది ఇంకొకటి. అది పోతే ఆ పట్టీ మళ్ళీ వస్తుంది.

మిగతావి సందర్శకుల లెక్క, ప్రకటనలు. "_జీఏ" అని మొదలైతే గూగుల్ అనలిటిక్స్. డొమైన్ వరసలో ఆట చిరునామా కాక వేరే పేరుంటే అది మూడో పక్షానిది, ఆటకు దాంతో పనిలేదు.

కొబ్బరాకు
అయితే పట్టీలో "అన్నీ తిరస్కరించు" నొక్కినా స్ట్రీక్ నిలుస్తుందా?

తాళంచెవి
మామూలుగా నిలుస్తుంది, ఆట నడవడానికి తప్పనిసరైనవాటిని ఆ మీట ముట్టదు. బ్రౌజర్ సెట్టింగుల్లో మొత్తం కుకీలనే ఆపేస్తే మాత్రం వేరే కథ. అప్పుడు క్రోమ్ లోకల్ స్టోరేజ్‌ను కూడా ముట్టనివ్వదు, ముట్టబోతే ఎర్రర్ విసురుతుంది. కోడు రాసినవాళ్ళు ఆ ఎర్రర్‌ను పట్టుకోకపోతే మీకు తెల్ల పేజీ కనిపిస్తుంది. మూడో పక్షం కుకీలను మాత్రమే ఆపండి, ఆటకేమీ కాదు.

గడుల_గోదారి
"ఆటకేమీ కాదు" అన్నదానితో పూర్తిగా ఏకీభవించను. పత్రికల సైట్లలో పజిల్ తరచూ వాళ్ళది కాదు, వేరే కంపెనీ ఆటను ఐఫ్రేమ్‌లో, అంటే తమ పేజీలో ఇంకో సైటును చూపించే చట్రంలో, పొదుగుతారు. అప్పుడు ఆటే మూడో పక్షం! సఫారీ, ఫైర్‌ఫాక్స్, 2023 నుంచి క్రోమ్ కూడా, అలాంటి ఐఫ్రేమ్ అరను బయటి సైటు వారీగా విడగొడతాయి. ఒకే గడినుడిని పత్రిక పేజీలో ఆడితే ఒక స్కోరు, ఆ కంపెనీ సొంత సైటులో ఆడితే ఇంకో స్కోరు. ఎప్పుడూ ఒకే గుమ్మం నుంచి వెళ్ళండి.

తాళంచెవి
ఔను, ఐఫ్రేమ్ సంగతి వదిలేశాను. సరైన మాట.

అక్షరగడి
నేను తెలుగు పదాల ఆట ఒకటి కడుతున్నా. మూడు అక్షరాల పదం, ఆరు ప్రయత్నాలు. పాత ఆటలన్నీ ఒక కుకీలో పెడుతున్నా. పరీక్షిస్తే పదో రోజు దాకా బాగుంది, ఆ తర్వాత ఏం ఆడినా పదో రోజు దగ్గరే ఆగిపోతోంది. ఎర్రర్ కూడా రావడం లేదు.

బెజవాడ_కోడర్
లెక్క వేద్దాం. "పుస్తకం" చూడ్డానికి మూడు అక్షరాలు. కంప్యూటర్లు అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో ప, ఉత్వం, స, పొల్లు, త, క, సున్నా, మొత్తం 7 సంకేతాలు. వాటిని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు, అంటే 21. కుకీలో తెలుగును నేరుగా పెట్టకూడదు కాబట్టి పర్సెంట్ గుర్తులతో మారుస్తారు, ఒక్కో బైటు 3 అక్షరాలవుతుంది. 63 అయింది. ఆరు ప్రయత్నాలకు 378, పది రోజులకు 3,780, పదకొండో రోజుకు 4,158. హద్దు 4,096. దాటితే బ్రౌజర్ చడీచప్పుడు లేకుండా కొత్త కుకీని తిరస్కరించి పాతదాన్ని అలాగే ఉంచుతుంది. మీ ఆట పదో రోజు దగ్గర ఆగడానికి కారణం అదే.

పైగా ఆ 4 కేబీ ప్రతి అభ్యర్థనతోనూ పైకి వెళ్తుంది. పేజీకి అదే డొమైన్ నుంచి 20 ఫైళ్ళుంటే 80 కేబీ అప్‌లోడ్, సిగ్నల్ సరిగా లేని ఊళ్ళో ఆడేవాళ్ళకు అది భారమే. లోకల్ స్టోరేజ్‌కు మార్చండి. పదాన్ని కాక పదం సంఖ్యను దాచండి. ప్రతి ప్రయత్నానికీ చూపించే రంగులు దాచనక్కర్లేదు, జవాబును బట్టి మళ్ళీ లెక్కేసుకోవచ్చు.

గడుల_గోదారి
సంఖ్య అంటే పట్టికలో ఎన్నోది అని కాదు. రేపు మధ్యలో ఒక పదం తీసేస్తే పాత ఆటలన్నీ పక్క పదానికి జరిగిపోతాయి. ప్రతి పదానికీ ఎప్పటికీ మారని సంఖ్య ఇవ్వండి.

అక్షరగడి
ఆటగాడు టైపు చేసిన పదం పట్టికలో ఉన్నా కొన్నిసార్లు "లేదు" అంటోంది. దాచిన దాంట్లో చూస్తే రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయి.

బెజవాడ_కోడర్
కంటికి ఒకటే, బైట్లు వేరు. రెండు అనుమానాలు. ఒకటి, కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కనిపించని విడదీత గుర్తు, జీరో విడ్త్ నాన్ జాయినర్, చొప్పిస్తాయి. పోల్చే ముందు అది తీసెయ్యండి. రెండు, ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయొచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ కలిపి రెండు సంకేతాలుగానూ రాయొచ్చు. ఎన్‌ఎఫ్‌సీ అనే యూనికోడ్ ప్రామాణిక రూపంలోకి మార్చి దాచితే రెండూ ఒకటవుతాయి.

గళ్ళుగా విడగొట్టడం కూడా బ్రౌజర్‌కు వదలొద్దు. 2023లో యూనికోడ్ 15.1 వచ్చేదాకా నియమం ప్రకారం "పుస్తకం" పు, స్, త, కం అని నాలుగు. ఆ తర్వాత పు, స్త, కం అని మూడు. పాత ఫోన్‌లో నాలుగు గళ్ళు, కొత్తదాంట్లో మూడు వస్తే నిన్నటి ఆట ఇవాళ తప్పుగా తెరుచుకుంటుంది. విడగొట్టే పని మీ కోడే చెయ్యాలి.

డల్లాస్_గడులు
అక్షరగడి గారూ, తేదీ ఎలా దాస్తున్నారు?

అక్షరగడి
ఐఎస్ఓ రూపంలోకి (సంవత్సరం-నెల-రోజు, తర్వాత సమయం) మార్చి మొదటి పది అక్షరాలు తీసుకుంటున్నా.

డల్లాస్_గడులు
అది మార్చండి. ఆ రూపం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఇస్తుంది. భారత్‌లో తేదీ మారేది తెల్లవారుజామున 5:30కి, వేసవిలో డల్లాస్‌లో సాయంత్రం 7కి. హైదరాబాద్‌లో రాత్రి 1కి ఆడినవాళ్ళ ఆట నిన్నటి ఖాతాలో పడుతుంది, ఆ తర్వాత ఇవాళ్టిది ఆడలేదని స్ట్రీక్ తెగుతుంది. ఫోన్ స్థానిక తేదీ నుంచి సంవత్సరం, నెల, రోజు విడివిడిగా తీసుకోండి.

స్థానిక తేదీ పెడితే ఇంకో గుంట ఉంది. జపాన్‌లో పొద్దున ఆడి విమానంలో హవాయి చేరినవాళ్ళకు ఫోన్ గడియారం వెనక్కి వెళ్తుంది, అక్కడింకా నిన్నటి తేదీ ఉండొచ్చు. చివరిసారి ఆడిన రోజుకూ ఇవాళ్టికీ తేడా మైనస్ 1 వస్తుంది. "తేడా సరిగ్గా 1 అయితే స్ట్రీక్ పెంచు, లేకపోతే తెంచు" అని రాస్తే ఇక్కడ తెగుతుంది. తేడా 1 అయితే పెంచాలి, 2 లేదా ఎక్కువైతేనే తెంచాలి, 0 లేదా తక్కువైతే ఉన్నది ఉన్నట్టు వదలాలి.

లోగిలి
రెండు ట్యాబులు తెరిచి ఉంచేవాళ్ళ సంగతి కూడా చూసుకోండి. నిన్నటి ట్యాబ్ అలాగే ఉంది, ఇవాళ కొత్త ట్యాబ్‌లో ఆడారు, తర్వాత పాత ట్యాబ్‌లో ఏదో నొక్కారు. పాతది తన దగ్గరున్న నిన్నటి లెక్కను ఇవాళ్టి దాని మీద రాసేస్తుంది. రాసే ముందు మళ్ళీ ఒకసారి చదవండి. ట్యాబ్ తిరిగి ముందుకు వచ్చినప్పుడూ చదవండి.

అక్షరగడి
లాగిన్ పెట్టే ఉద్దేశం లేదు, ఎవరి ఈమెయిలూ నాకొద్దు. అలాంటప్పుడు నిలువు_అడ్డం గారికి జరిగింది నా ఆటలో జరగకుండా ఏం చెయ్యాలి?

తాళంచెవి
"నా స్కోరు కాపీ చెయ్యి" అని ఒక మీట. గణాంకాలను చిన్న కోడుగా మార్చి క్లిప్‌బోర్డులో పెట్టాలి, ఆటగాళ్ళు దాన్ని వాట్సాప్‌లో తమకు తామే పంపుకుంటారు. పక్కనే "కోడు అతికించు". ఫోన్ మారినా, డేటా తుడిచినా పనికొస్తుంది. దాంతోపాటు స్టోరేజ్‌ను శాశ్వతంగా ఉంచమని బ్రౌజర్‌ను కోరే సదుపాయం ఉంది, పర్సిస్ట్ అంటారు. ఫైర్‌ఫాక్స్ ఆటగాణ్ణి అడుగుతుంది, క్రోమ్ తనే తేల్చుకుంటుంది. ఫోన్‌లో చోటు నిండినప్పుడు బ్రౌజర్ తనంతట తాను తుడవకుండా అది కాపాడుతుంది. మనం చేత్తో తుడిస్తే అదీ ఆపలేదు, అందుకని కోడు మీట తప్పనిసరి.

నిలువు_అడ్డం
కేబుల్ తగిలించి ఫోన్‌లో అంకెలు మార్చాను. మొదటిసారి ఒక కామా చెరిగి మళ్ళీ సున్నా అయింది, నోట్‌ప్యాడ్‌లో ఉంచిన పాత విలువ అతికించి రెండోసారి చేస్తే కుదిరింది. 143కి ఇవాళ్టిది కలిపి 144 చూపిస్తోంది. ఒక్కటే మిగిలింది, మళ్ళీ కుకీలు తుడవాల్సి వస్తే ఈ ఒక్క సైటును వదిలేయమని చెప్పొచ్చా?

బెజవాడ_కోడర్
ఫోన్ క్రోమ్‌లో దీన్ని తలకిందులుగా చెయ్యడం మేలు. సెట్టింగులు, సైట్ సెట్టింగులు, అన్ని సైట్లు. అక్కడ ఏ సైటు ఎంత చోటు తిన్నదో కనిపిస్తుంది. పెద్దవాటిని ఒక్కొక్కటే తెరిచి తుడవండి, ఆట జోలికి వెళ్ళొద్దు, అది కొన్ని కేబీలే ఉంటుంది. ఐఫోన్‌లో సఫారీ సెట్టింగుల్లో "అడ్వాన్స్‌డ్", "వెబ్‌సైట్ డేటా" దగ్గర ఇదే పని. కంప్యూటర్ ఫైర్‌ఫాక్స్‌లో మూసినప్పుడల్లా తుడిచేలా పెట్టుకున్నవాళ్ళు అక్కడే "మినహాయింపులు"లో ఆట చిరునామా చేర్చి "అనుమతించు" నొక్కాలి. చిరునామాను హెచ్‌టీటీపీఎస్‌తో సహా పూర్తిగా ఇవ్వండి.

అక్షరగడి
కాపీ మీట పెట్టేశా. కోడు 60 అక్షరాల లోపే వస్తోంది.